పాత ఫర్నేస్‌కు కొత్త ప్యానెల్ ఒక్కటే చాలుతుందా?

ప్రశ్న: మాది హైదరాబాదు జీడిమెట్లలో చిన్న హీట్ ట్రీట్‌మెంట్ (లోహపు భాగాలను వేడిచేసి గట్టిపరచే) షాపు. మెయింటెనెన్స్ చూసేది నేనే. మా బోగీ ఫర్నేస్ (సరుకును పట్టాల మీది బండితో లోపలికి తోసే కొలిమి) మొదట ఫర్నేస్ ఆయిల్‌తో నడిచేది. తరువాత ఎల్‌పీజీకి, ఆపైన పైపు గ్యాసుకు మార్చారు. లోపలి కొలత నాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. ఒక్కొక్కటి 200 కిలోవాట్ల చొప్పున ఆరు బర్నర్లు ఉన్నాయి. హెడర్ (అన్ని బర్నర్లకు గ్యాసు పంచే ప్రధాన పైపు) మీద ఒక సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునేది), ప్రతి బర్నర్‌కు ఒక చేతి కాక్ తప్ప వేరే వాల్వులు లేవు. బ్లోయర్ ఒక నిమిషం తిరిగాక కాగడాతో వెలిగిస్తాం. మంట ఉందో లేదో చూసే ఆరు యూవీ సెల్స్‌లో నాలుగు రాత్రిపూట ఊరికే ట్రిప్ చేస్తున్నాయని (ఫర్నేస్‌ను ఆపేస్తున్నాయని) వాటికి లూపు వేసి (వైరు ముక్కతో వాటిని తప్పించి) ఉంచారు. మా యజమాని పాత రిలే ప్యానెల్ తీసేసి పీఎల్‌సీ (ప్రోగ్రాంతో నడిచే కంట్రోలర్), టచ్ స్క్రీన్ పెట్టించడానికి కొటేషన్ తెప్పించారు. అది పెడితే సరిపోతుందా? 760 డిగ్రీలు దాటితే యూవీ సెల్‌తో పని లేదని కొటేషన్ ఇచ్చినవారు అంటున్నారు, నిజమేనా? దసరాకు నాలుగు రోజులు తప్ప ఫర్నేస్ ఆపడానికి వీల్లేదు. పనిని రెండు విడతలుగా చేసుకోవచ్చా? మా ఫైర్‌మ్యాన్ (ఫర్నేస్ వెలిగించే మనిషి) మాత్రం ఇరవై ఏళ్లుగా ఇలాగే వెలిగిస్తున్నాం, ఏమీ కాలేదు అంటున్నారు.

సమాధానం: సరిపోదు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, మీ ఫర్నేస్‌లో అన్నిటికన్నా తక్కువ ప్రమాదకరమైన భాగం ఏదో దానిని మార్చడానికే ఆ కొటేషన్ తయారైంది. రిలే ప్యానెల్ పాతదే కావచ్చు, దానిలో వైర్లు చిక్కుపడి ఉండవచ్చు, చూడటానికి బాగుండకపోవచ్చు. అయినా కొలిమిలోకి గ్యాసు వెళ్లేది వాల్వు గుండానే కాబట్టి, ఉన్న ఒకే ఒక్క సోలినాయిడ్ సరిగా మూసుకోని రోజున దాని వెనుక రిలే ఉన్నా, పీఎల్‌సీ ఉన్నా ఫలితంలో తేడా ఉండదు. అందువల్ల ముందు గ్యాస్ లైనును, తరువాత గాలిని, ఆ తరువాత మంటను చూసే పరికరాలను బాగుచేసుకుని, ప్యానెల్ సంగతిని చివర తేల్చుకోవలసిందిగా నా సలహా. తెర మీద బొమ్మలు కనిపించడం మీకు పనిలో సౌకర్యమే. అయితే దానికి పెట్టే డబ్బు వాల్వులకు మిగలకుండా చేసేటట్లయితే మాత్రం దానిని ఒప్పుకోకండి.

ఇలా ఎందుకంటున్నానో మీ కొలతలతోనే లెక్క వేసి చూపిస్తాను. మీ ఫర్నేస్ లోపలి ఘనపరిమాణం 16 ఘనపు మీటర్లు. సహజవాయువులో ప్రధానమైన మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం వరకు కలిసినప్పుడు అంటుకుంటుంది. అంటే ఫర్నేస్ గది నిండా మండే మిశ్రమం తయారు కావడానికి 0.8 ఘనపు మీటరు, అనగా 800 లీటర్ల గ్యాసు చాలు. పొగగొట్టం డ్యాంపర్ (మూత పలక) మూసి, తలుపు దించి, రాత్రి ఎనిమిది గంటలు ఫర్నేస్‌ను వదిలేసిన సందర్భంలో గంటకు 100 లీటర్లు, అంటే నిమిషానికి రెండు లీటర్ల లోపు కారితే తెల్లవారేసరికి మీరు ఆ స్థితికి చేరుకుంటారు. వాల్వు సీటు మీద చిన్న తుప్పు పొలుసు ఇరుక్కున్నా ఆపాటి లీకు రావచ్చు, అది చెవికి వినిపించదు. పైగా గ్యాసు గది అంతటా సమానంగా కలవాలన్న నియమమేమీ లేదు. తేలికైన సహజవాయువు పైకప్పు కింద ఒక మూల చేరినా కాగడా పెట్టిన క్షణాన జరిగేది జరుగుతుంది.

ఇక వెలిగించే పద్ధతిని చూడండి. 200 కిలోవాట్ల బర్నర్ పూర్తిగా తెరిస్తే గంటకు సుమారు 20 ఘనపు మీటర్ల గ్యాసు తీసుకుంటుంది, అంటే సెకనుకు ఐదున్నర లీటర్లు. కాక్ తిప్పాక కాగడా ఆరిపోయిందనుకుందాం. హెల్పర్ మళ్లీ గుడ్డను నూనెలో ముంచి అంటించుకుని వచ్చేసరికి ఒక నిమిషం గడిస్తే లోపల 330 లీటర్లు చేరతాయి. అది సరిగ్గా మండే పాళ్లలో గాలితో కలిస్తే మూడున్నర ఘనపు మీటర్ల పేలుడు మిశ్రమం అవుతుంది, అంటే మీ ఫర్నేస్‌లో ఐదో వంతుకు పైగా. పూర్తిగా మూసిన పాత్రలో అటువంటి మిశ్రమం అంటుకుంటే పీడనం ఏడెనిమిది బార్ల దాకా లేస్తుంది. మీ ఫర్నేస్ గోడలు, తలుపు అందులో చిన్న భాగాన్ని కూడా తట్టుకునేలా కట్టినవి కావు.

ఇరవై ఏళ్లుగా ఏమీ కాలేదన్న మీ ఫైర్‌మ్యాన్ మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. ఆయన చేతి ఒడుపు వల్లనే ఇన్నాళ్లు గడిచి ఉంటుంది. అయితే ఆ ఒడుపు ఆయన సెలవు పెట్టిన రోజున ఫ్యాక్టరీలో ఉండదు. ఫర్నేస్ ఆగి ఉన్నప్పుడు కారే వాల్వును కనిపెట్టడం ఎంత ఒడుపున్న చేతికీ సాధ్యం కాదు. 1999 ఫిబ్రవరి 1న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం డియర్‌బార్న్‌లో, ఫోర్డ్ కంపెనీ రివర్ రూజ్ విద్యుత్ కేంద్రంలో వార్షిక తనిఖీ కోసం ఆపుతున్న బాయిలర్‌లోకి తెరిచి ఉన్న వాల్వు గుండా సహజవాయువు చేరి పేలుడు జరిగింది. ఆరుగురు కార్మికులు చనిపోయారు. అక్కడ దశాబ్దాల అనుభవం ఉన్న మనుషులకు కొదవ లేదు. బాయిలర్ మండుతున్నప్పుడు కాక ఆపుతున్నప్పుడు ఆ ప్రమాదం జరిగిందన్నది మీరు గుర్తుంచుకోవలసిన విషయం.

ఫర్నేస్‌ల విషయంలో ఎక్కువగా అనుసరించే ప్రమాణాలు రెండు. అమెరికాలోని అగ్ని రక్షణ సంస్థ ఎన్ఎఫ్‌పీఏ ఇచ్చిన ఎన్ఎఫ్‌పీఏ 86 ఒకటి. ఒకప్పటి యూరప్ ప్రమాణం ఈఎన్ 746 రెండో భాగం స్థానంలో వచ్చిన ఐఎస్ఓ 13577 రెండోది. ఇవి మన దగ్గర చట్టాలు కావు. అయినా మీరు పనిచేసి ఇచ్చే పెద్ద కంపెనీలు ఆడిట్‌కు వచ్చినప్పుడు అడిగేవి ఇవే కాబట్టి, కొత్తగా డబ్బు పెట్టేటప్పుడు వీటిలో ఏదో ఒకదానిని మొదటి నుంచి చివరి దాకా పట్టుకుని పనిచేయించడం మంచిది. నాకు చేతిపట్టు ఎక్కువ ఉన్నది ఎన్ఎఫ్‌పీఏ 86 మీద కనుక కింది అంకెలు ఎక్కువగా దాని నుంచే ఇస్తున్నాను.

గ్యాస్ లైను విషయానికి వద్దాం. మొదటి నియమం, బర్నర్‌కు వెళ్లే గ్యాసును రెండు సేఫ్టీ షటాఫ్ వాల్వులు వరుసగా ఆపాలి. ఒకటి పట్టేసినా, సీటు కారినా రెండోది ఉంటుంది. బర్నర్ సామర్థ్యం 117 కిలోవాట్లు దాటితే ఆ రెండింటిలో కనీసం ఒకటి మూసుకున్నట్లు లోపలి స్విచ్ ద్వారా రుజువు కావాలి. ఆ రుజువు లేనిదే పర్జ్ (వెలిగించే ముందు ఫర్నేస్‌లోని గ్యాసును గాలితో తోలేయడం) మొదలు కాకూడదు. మీ బర్నర్లు 200 కిలోవాట్లవి కనుక ఈ నియమం మీకు వర్తిస్తుంది. దీనికి బదులుగా రెండు వాల్వుల మధ్య పీడనాన్ని ప్రతిసారీ కొలిచి లీకు ఉందో లేదో తేల్చే వాల్వ్ ప్రూవింగ్ పరికరాన్ని కూడా వాడవచ్చు. మీలాంటి ఆరు బర్నర్ల ఫర్నేస్‌కు నేనైతే ఇలా పెట్టిస్తాను: హెడర్ మీద రెండు వాల్వులు, వాటి మధ్య ప్రూవింగ్ పరికరం. ఆ తరువాత ప్రతి బర్నర్‌కు దాని సొంత షటాఫ్ వాల్వు. అప్పుడు ఒక బర్నర్ మంట ఆరిపోతే దానిని మాత్రమే మూసి, మిగిలిన ఐదింటిని నడుపుకోవచ్చు. గ్యాస్ పీడనం పడిపోయినా, బ్లోయర్ ఆగినా హెడర్ వాల్వులే మొత్తం మూసేస్తాయి. కొనే వాల్వులు ఈఎన్ 161 ప్రకారం క్లాస్ ఏ రకానివై ఉండాలి. అవి కరెంటు పోయిన ఒక్క సెకనులోపు మూసుకుంటాయి. నీటి లైన్లకు, కంప్రెసర్లకు వాడే మామూలు సోలినాయిడ్లను చవకగా వస్తున్నాయని ఈ పనికి పెట్టకండి. మీ హెడర్ మీద ఉన్నది ఆ రకమే అయి ఉంటుందని నా అనుమానం. దాని నేమ్‌ప్లేట్ మీద ఏముందో ఒకసారి చదివి చూడండి.

వాల్వులకు ముందు స్ట్రెయినర్ లేకపోతే కొత్తవి కూడా ఏడాది తిరగకుండా పాతవాటిలాగే తయారవుతాయి. పైపులో నుంచి రాలే తుప్పు, వెల్డింగ్ ముక్కలు వచ్చి చేరేది సీటు మీదకే. గ్యాస్ పీడనం తక్కువైనా ఎక్కువైనా ట్రిప్ చేసే రెండు ప్రెషర్ స్విచ్‌లు కూడా కావాలి. మీరు ఎల్‌పీజీ నుంచి పైపు గ్యాసుకు మారినప్పుడు నాజిళ్లు, స్విచ్‌ల సెట్టింగులు కూడా మార్చారా అన్నది చూసుకోండి. ఘనపు మీటరుకు ఎల్‌పీజీ ఇచ్చే వేడి సహజవాయువు ఇచ్చేదానికి దాదాపు రెండున్నర రెట్లు ఉంటుంది కనుక ఒకదానికి పెట్టిన సెట్టింగు ఇంకొకదానికి పనికిరాదు. ఎల్‌పీజీ సిలిండర్ల బ్యాంకును స్టాండ్‌బైగా ఇంకా ఉంచుకుని ఉంటే మరొక విషయం కూడా చూడాలి. అది గాలికన్నా బరువైన వాయువు, రెండు శాతం కలిసినా అంటుకుంటుంది. బోగీ పట్టాల కింద ఉన్న గుంతలోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. ఆ గుంతను ఎవరూ ఫర్నేస్‌లో భాగంగా చూడరు. బోగీ వీల్ గ్రీజు కోసం అందులోకి దిగే మనిషి చేతిలో వెల్డింగ్ హోల్డర్ కూడా ఉండవచ్చు.

ఇప్పుడు గాలి. వెలిగించే ముందు ఫర్నేస్‌లో మిగిలిన గ్యాసును బయటికి తోలేయడాన్నే పర్జ్ అంటాం. ఎన్ఎఫ్‌పీఏ లెక్కన గది పరిమాణానికి కనీసం నాలుగు రెట్ల తాజా గాలి పోవాలి. యూరప్ పద్ధతిలో ఐదు రెట్లు. మీ విషయంలో అవి 64, 80 ఘనపు మీటర్లు అవుతాయి. ఆరు బర్నర్లకు కలిపి 1,200 కిలోవాట్లకు సరిపోయే బ్లోయర్ గంటకు సుమారు 1,250 ఘనపు మీటర్లు, నిమిషానికి 21 ఘనపు మీటర్లు ఇస్తుందని అనుకుంటే నాలుగు రెట్లకు మూడు నిమిషాలకు పైగా, ఐదు రెట్లకు నాలుగు నిమిషాలకు కొంచెం తక్కువ పడుతుంది. మీ టైమర్ ఇచ్చేది ఒక నిమిషం. అంటే గదిని ఒకటింబావు సార్లు మాత్రమే మార్చుతున్నారు. అది కూడా బర్నర్ల గాలి వాల్వులు పూర్తిగా తెరిచి ఉన్నప్పటి మాట. అవి లో ఫైర్ (కనిష్ఠ మంట) స్థానంలో పావు వంతు మాత్రమే తెరిచి ఉంటే పన్నెండు నిమిషాలైనా చాలదు. కాబట్టి పర్జ్ సమయంలో గాలి వాల్వులు హై ఫైర్‌కు (గరిష్ఠ మంట స్థానానికి), పొగగొట్టం డ్యాంపర్ పూర్తిగా తెరిచిన స్థానానికి వెళ్లినట్లు లిమిట్ స్విచ్‌లు చెప్పాలి. ఆ తరువాత వెలిగించడానికి గాలి లో ఫైర్‌కు దిగినట్లు కూడా రుజువు కావాలి. టైమర్ లెక్క మొదలు కావలసింది ఈ స్థానాలన్నీ సరిగా వచ్చాకే. బ్లోయర్ బటన్ నొక్కినప్పటి నుంచి లెక్కపెడితే అందులో కొంత వృథాగా పోతుంది.

బ్లోయర్ తిరుగుతోందనడానికి దాని కాంటాక్టర్ (మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్) ఆగ్జిలరీ కాంటాక్టును సాక్ష్యంగా పెట్టే ప్యానెళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. కాంటాక్టర్ పట్టుకుంటే మోటారుకు కరెంటు వెళ్లిందని తెలుస్తుంది తప్ప, బెల్టు జారిపోయిందో, ఇన్‌లెట్ జాలీకి ప్లాస్టిక్ సంచి అంటుకుందో అది చెప్పలేదు. బ్లోయర్ నోటి దగ్గర పెట్టిన ప్రెషర్ స్విచ్ కూడా సగం సాక్షే. ముందున్న వాల్వు మూసుకుపోతే పీడనం ఇంకా పెరుగుతుంది, గాలి మాత్రం కదలదు. ఆరిఫిస్ ప్లేటుకు (పైపులో పెట్టే రంధ్రమున్న పలకకు) ఇరువైపులా ఉన్న పీడన భేదాన్ని చూసే స్విచ్ పెట్టించండి. దాని కాంటాక్టు బ్లోయర్ ఆగి ఉన్నప్పుడు తెరుచుకునే ఉందని వెలిగించే సీక్వెన్స్ (దశల క్రమం) ముందుగా చూసుకుని, ఆ తరువాతే స్టార్ట్ ఇవ్వాలి. లేకపోతే కాంటాక్టు అతుక్కుపోయిన స్విచ్ ఎప్పటికీ గాలి ఉందనే చెబుతుంది.

మీ రెండో ప్రశ్నలో సగం నిజముంది. గది ఉష్ణోగ్రత 760 డిగ్రీల సెల్సియస్ కన్నా ఎక్కువగా ఉందని ప్రత్యేక పరికరంతో రుజువైనప్పుడు మంట పర్యవేక్షణను పక్కన పెట్టుకోవడానికి ఎన్ఎఫ్‌పీఏ 86 అనుమతిస్తుంది. యూరప్ ప్రమాణాలలో ఆ హద్దు 750. మీథేన్ తనంత తాను అంటుకునే ఉష్ణోగ్రత సుమారు 540 డిగ్రీలు కనుక అంతకన్నా చాలా పైన ఉన్న గదిలోకి వచ్చిన గ్యాసు పోగుపడకుండా ఎప్పటికప్పుడు మండిపోతుందన్నది దాని ఆధారం. అయితే మీరు హార్డెనింగ్‌కు 850, 900 డిగ్రీలు పెట్టిన ఇదే ఫర్నేస్‌లో మరునాడు టెంపరింగ్ (గట్టిపడిన ఉక్కు పెళుసుదనం తగ్గించడం) కోసం 550, 600 డిగ్రీలు పెడతారు. ఆ సైకిల్ మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా హద్దు కిందనే సాగుతుంది. చల్లని ఛార్జ్‌తో (సరుకుతో) బోగీ లోపలికి వెళ్లినప్పుడు కూడా అంతే. పైగా ఆ అనుమతి కూడా వేడెక్కిన తరువాతి సంగతే. చల్లని ఫర్నేస్ వెలిగించినప్పుడు, ఉష్ణోగ్రత హద్దు కిందకి జారినప్పుడు పర్యవేక్షణ తిరిగి తనంత తానే పనిలోకి రావాలి. ప్రెషర్ స్విచ్‌లు, గాలి ఇంటర్‌లాక్ (గాలి లేకపోతే గ్యాసును ఆపే కట్టు) వంటివేవీ ఆ హద్దు దాటినా పక్కకు పోకూడదు. కాబట్టి మీ షాపులో యూవీ సెల్స్ లేకుండా గడవదు. కొటేషన్ ఇచ్చినవారు బహుశా రోజంతా 1,200 డిగ్రీల మీద నడిచే రీరోలింగ్ మిల్లు ఫర్నేస్‌ను దృష్టిలో పెట్టుకుని అలా చెప్పి ఉంటారు.

ఆ లూపుల గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి. చాలా కాలం కిందట ఒక ఫ్యాక్టరీలో నేను ప్యానెల్ తనిఖీకి వెళ్లినప్పుడు టెర్మినల్ స్ట్రిప్ మీద ఎర్ర వైరు ముక్కలు మూడు చక్కగా, ఫెర్రూల్ వేసి, నంబరు తొడిగి మరీ బిగించి ఉన్నాయి. ఎవరు వేశారని అడిగితే ఎవరికీ తెలియలేదు. డ్రాయింగులో ఉందేమోనని వెతికారు. తాత్కాలికంగా వేసిన లూపు అంత అందంగా స్థిరపడిపోయింది. మీ నాలుగు లూపుల వెనుక కూడా అసలు కారణం ఎవరూ వెతకని ఒక రాత్రి ఉండి ఉంటుంది. ట్రిప్ ఊరికే రాదు. రాత్రిపూటే వస్తోందంటే కారణానికి దారి అక్కడే ఉంది. ఆ వేళ లైను పీడనం మారుతోందా, ఛార్జ్ తగ్గించి లో ఫైర్‌లో ఉంచడం వల్ల మంట చిన్నదై బర్నర్ అంచు నుంచి లేచిపోతోందా అన్నది గేజ్ పెట్టి చూడండి. ఆయిల్ నాటి యూవీ సెల్స్ అయితే వాటి లెన్సు మీద మసి పేరుకుని ఉంటుంది. సిగ్నల్ కేబులును కరెంటు కేబుళ్లతో కలిపి ఒకే కండ్యూట్‌లో లాగి ఉంటే దానిని విడదీయండి.

యూవీ సెల్‌కు మరొక గుణం ఉంది. పాతబడినప్పుడు అది మంట లేకపోయినా ఉన్నట్లు చెప్పే వైపుకు చెడిపోగలదు, పక్క బర్నర్ మంటను చూసి తన బర్నర్ వెలిగే ఉందనుకోగలదు. 24 గంటలకు పైగా ఆగకుండా నడిపే పని ఉంటే షట్టర్‌తో తనను తాను పరీక్షించుకునే రకం తప్పనిసరి. ఇప్పుడు ఆయిల్ పూర్తిగా మానేశారు కనుక మీకు దీనికన్నా మంచి దారి ఉంది, అది ఫ్లేమ్ రాడ్. మంట గుండా ఏసీ వోల్టేజి ఒక దిశలోనే ఎక్కువగా ప్రవహించే గుణం మీద అది పనిచేస్తుంది. కొన్ని మైక్రోఆంపియర్ల డీసీ కనిపిస్తేనే మంట ఉన్నట్లు లెక్క. షార్ట్ అయిన వైరు ఆ డీసీని పుట్టించలేదు కాబట్టి దానిని లూపు వేసి మోసగించడం కూడా కష్టమే. బర్నర్ బాడీకి మంచి ఎర్తింగ్ ఉండాలి, రాడ్ పింగాణీ పగలకూడదు. ఈ రెండూ చూసుకుంటే చాలా ఏళ్లు తలనొప్పి లేకుండా నడుస్తుంది.

వెలిగించడం కూడా కాగడా నుంచి విద్యుత్ స్పార్క్‌కు మారాలి. పైలట్ మంటకు (ముందుగా వెలిగే చిన్న మంటకు) ఇచ్చే ప్రయత్న కాలం 15 సెకన్లకు మించకూడదు. ఆలోగా మంట కనిపించకపోతే వాల్వు మూసుకుని లాకౌట్ కావాలి, అంటే చేత్తో రీసెట్ చేసేదాకా ఆగిపోవాలి. నడుస్తున్న మంట ఆరితే నాలుగు సెకన్లలోగా పరికరం స్పందించాలి. మీ బర్నర్ సెకనుకు ఐదున్నర లీటర్లు వదులుతుంది కనుక నాలుగు సెకన్లకు లోపల చేరేది 22 లీటర్లు. ఇంతకుముందు కాగడా కోసం వెళ్లిన నిమిషంలో చేరిన 330 లీటర్లతో దీనిని పోల్చి చూడండి. లాకౌట్ అయ్యాక రీసెట్ బటన్‌ను వెంటవెంటనే నొక్కి మళ్లీ మళ్లీ ప్రయత్నించే అలవాటు ఈ లెక్కనంతా పాడుచేస్తుంది. విఫలమైన ప్రతి ప్రయత్నమూ కొంత గ్యాసును లోపల వదిలిపెడుతుంది కాబట్టి, ఏ బర్నరూ వెలగని స్థితిలో లాకౌట్ వస్తే మళ్లీ పూర్తి పర్జ్ జరగనిదే సీక్వెన్స్ ముందుకు పోకుండా కట్టించండి.

ఇన్ని చెప్పాక పీఎల్‌సీ మాట. మామూలు పీఎల్‌సీ ఉష్ణోగ్రతను నియంత్రించడానికి, రికార్డు రాయడానికి, అలారం చూపించడానికి చక్కని పరికరం. దాని అవుట్‌పుట్ కాంటాక్టు అతుక్కుపోవచ్చు, ప్రాసెసర్ ఆగిపోయినా అవుట్‌పుట్ ఆన్‌లోనే నిలిచిపోవచ్చు, అర్ధరాత్రి ల్యాప్‌టాప్ తగిలించిన కుర్రాడు ఒక ఇంటర్‌లాక్‌ను తీసేసి తెల్లారి చెప్పకపోవచ్చు. అందుకే భద్రతకు సంబంధించిన లాజిక్‌ను పీఎల్‌సీలో పెట్టాలంటే అది ఐఈసీ 61508 ప్రమాణం ప్రకారం కనీసం సిల్ 2 (భద్రతా నమ్మకపు రెండో మెట్టు) స్థాయికి సర్టిఫికెట్ ఉన్న సేఫ్టీ పీఎల్‌సీ అయి ఉండాలి. మీ కొటేషన్‌లో ఉన్నది ఆ రకమేనా అని ఒక్క మాట రాతపూర్వకంగా అడగండి. కాదని వస్తే, ఆరు బర్నర్ల ఫర్నేస్‌కు సేఫ్టీ పీఎల్‌సీ కన్నా కూడా నాకు నచ్చే ఏర్పాటు వేరే ఉంది. ప్రతి బర్నర్‌కు ఈఎన్ 298 సర్టిఫికెట్ ఉన్న ఒక ఆటోమేటిక్ బర్నర్ కంట్రోల్ యూనిట్ పెట్టి, హెడర్ వాల్వులను, ప్రెషర్ స్విచ్‌లను, గాలి స్విచ్‌ను, ఎమర్జెన్సీ స్టాప్‌ను సేఫ్టీ రిలేల గుండా వైరుతోనే వరుసలో కట్టి, మీ యజమాని కోరుతున్న మామూలు పీఎల్‌సీని, టచ్ స్క్రీన్‌ను ఆ వరుస బయట ఉంచడం. అది చూస్తుంది, రాస్తుంది, వేడి కావాలని అడుగుతుంది. గ్యాసు తెరిచే అధికారం మాత్రం దాని ఒక్కదాని చేతిలో ఉండదు. రాత్రి రెండు గంటలకు ఒక యూనిట్ చెడితే స్టోర్స్ నుంచి మరొకటి తెచ్చి బేస్‌లో గుచ్చడం మీ షిఫ్ట్ ఎలక్ట్రీషియన్ చేయగలడు. సేఫ్టీ పీఎల్‌సీ చెడితే ఇంజనీరు వచ్చేదాకా ఆగవలసిందే. వైరింగ్‌లో ఒక చిన్న విషయం మరచిపోవద్దు. కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక కొస ఎర్త్ అయి ఉండాలి, ఇంటర్‌లాక్ కాంటాక్టులన్నీ రెండో కొస, అంటే ఫ్యూజ్ ఉన్న ఫేజు వైపునే ఉండాలి. న్యూట్రల్ వైపు ఉంటే ఒక్క ఎర్త్ ఫాల్టుతో వాల్వు కాయిల్‌కు కరెంటు అలాగే నిలిచిపోతుంది. ఉష్ణోగ్రత మితిమీరకుండా ఆపే లిమిట్ కంట్రోలర్‌కు దాని సొంత థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఉండాలి. లిమిట్ కంట్రోలర్‌కు, మామూలు ఉష్ణోగ్రత కంట్రోలర్‌కు ఒకే థర్మోకపుల్ పెడితే అది తప్పు చూపిన రోజున రెండూ కలిసే తప్పుతాయి.

ఇక దసరా నాలుగు రోజులు. రెండు విడతలుగా చేయవచ్చు, అయితే కోత ఎక్కడ పెడతారన్నదే ముఖ్యం. వాల్వులు ఇప్పుడు, స్పార్క్, ఫ్లేమ్ రాడ్ సంక్రాంతికి అని విడగొడితే మధ్య మూడు నెలలు కొత్త వాల్వుల ముందు కాగడా పట్టుకుని నిలబడాల్సి వస్తుంది, దానికి నేను ఒప్పుకోను. వాల్వులు, పర్జ్, వెలిగింపు, మంట పర్యవేక్షణ ఒకే విడతలో రావాలి. తెర, రికార్డింగ్, రెసిపీ సదుపాయాలు సంక్రాంతికి జరుపుకోండి. నాలుగు రోజుల్లో ఇది అయ్యేలా చూడాలంటే గ్యాస్ ట్రైన్‌ను (వాల్వులు, స్విచ్‌లు బిగించిన గ్యాస్ పైపు వరుసను) ముందుగానే ఒక ఫ్రేమ్ మీద బయట కట్టించి, గాలితో ప్రెషర్ టెస్ట్ చేయించి, ప్యానెల్‌ను తయారీదారు దగ్గరే స్విచ్‌లు, మంట సిగ్నళ్లు కృత్రిమంగా ఇస్తూ ప్రతి ట్రిప్‌ను పరీక్షించి తెప్పించుకోవాలి. పాత లైనును కోయడానికి ముందు నైట్రోజన్‌తో తోలి, మీటరు వైపు బ్లాంక్ ప్లేటు వేయడం మరవకండి. మీటరు దగ్గరి సెట్టు గ్యాస్ కంపెనీది కనుక అక్కడ ఏ పని చేయాలన్నా వారికి ముందుగా తెలియజేయాలి. నాలుగో రోజు సాయంత్రానికి పరీక్షలు పూర్తి కాకపోతే ఐదో రోజు కూడా ఆపగలమా అన్నది ఇప్పుడే యజమానిని అడిగి తేల్చుకోండి. అప్పుడు అడిగితే జవాబు ఏమిటో మనిద్దరికీ తెలుసు.

దసరా దాకా ఆగకుండా రేపే చేయగలిగినవి ఉన్నాయి, వాటికి పెద్ద ఖర్చు లేదు. లూపు వేసిన నాలుగు బర్నర్లలో సెల్ మార్చి లూపు తీయగలిగినవాటిని తీయండి. తీయలేని బర్నర్ కాక్‌ను మూసి, తాళం వేసి, మిగిలిన బర్నర్లతోనే ఎక్కువసేపు నడపండి. పర్జ్ టైమర్‌ను నాలుగు నిమిషాలకు పెంచి, ఆ సమయంలో గాలి వాల్వులు పూర్తిగా తెరిచి, తలుపు ఎత్తి, డ్యాంపర్ తీసి ఉంచండి. షిఫ్ట్ ముగిసి ఫర్నేస్ ఆపినప్పుడు సోలినాయిడ్‌ను నమ్ముకోకుండా ప్రతి బర్నర్ చేతి కాక్‌ను కూడా మూసి, ఎవరు మూశారో పుస్తకంలో రాయించండి. ఫర్నేస్ ఆగి ఉన్న సమయం చూసి హెడర్ సోలినాయిడ్ లీకు పరీక్ష కూడా చేయండి. వాల్వుకు గ్యాసు వచ్చే వైపు గ్యాసు ఉంచి, వాల్వును మూసి, అవతలి వైపు బర్నర్ కాక్‌లన్నీ మూసి, మధ్యలో టెస్ట్ కాక్ ఉంటే దానికి రబ్బరు గొట్టం తగిలించి గొట్టం కొసను గ్లాసు నీటిలో కొద్దిగా ముంచండి. మొదట గొట్టంలోని గాలి పోయాక కూడా బుడగలు ఆగకుండా వస్తుంటే ఆ వాల్వు కారుతోందని అర్థం. దానిని మార్చాకనే ఫర్నేస్‌ను వెలిగించండి, దసరా ఎంత దూరంలో ఉన్నా సరే. ఈ లీకు పరీక్షను, ప్రతి ఇంటర్‌లాక్ పరీక్షను కొత్త వ్యవస్థ వచ్చాక కూడా ఏడాదికి ఒకసారి తప్పక చేయాలి.

కొటేషన్‌ను తిరిగి పంపేటప్పుడు ఏ కారణానికి ఏ వాల్వు మూసుకుంటుందో చూపే పట్టిక, వాల్వుల, కంట్రోల్ యూనిట్ల సర్టిఫికెట్లు, వైరింగ్ డ్రాయింగులు, ప్రోగ్రాం కాపీతో పాటు పాస్‌వర్డ్ కూడా ఇవ్వాలని రాయండి. మొత్తంలో కొంత భాగాన్ని, మీ సమక్షంలో ప్రతి స్విచ్‌నూ ఒక్కొక్కటిగా తప్పించి ట్రిప్ చూపించాకే ఇస్తామని ఒప్పందంలో పెట్టండి. ఆ పరీక్షల రోజున మీ ఫైర్‌మ్యాన్‌ను పక్కనే ఉంచుకోండి. మంట ఎలా ఉంటే లేచిపోతుందో, ఏ బర్నర్ ఎప్పుడు తడబడుతుందో ఇరవై ఏళ్లు చూసినవారు ఆయనే, గాలి గ్యాసు పాళ్లు సరిచేసేటప్పుడు కొటేషన్ ఇచ్చినవారి ఇంజనీర్లకు ఆయన మాట అవసరం అవుతుంది. కొత్త పద్ధతిలో వెలిగించే క్రమాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి ప్యానెల్ తలుపు మీద అంటించే పని కూడా ఆయనకే అప్పగించండి. పీప్ హోల్‌కు (లోపలి మంట చూసే రంధ్రానికి) ఎదురుగా కాకుండా పక్కన నిలబడి వెలిగించాలన్న మాట అందులో మొదటి వరుసలోనే ఉండాలి.